నేల విడవని సాము

ఆధారం లేని ప్రయత్నాన్ని తెలుగువారు ‘నేల విడిచి సాము చేయడం’ అంటారు. ఈ నానుడిని తరచుగా వాడుతున్నా, దాని వెనుక ఒక విద్య ఉన్నదన్న సంగతి మనకు అంతగా స్ఫురించదు. సాము అంటే శరీరాన్ని, ఆయుధాన్ని, మనస్సును ఒక క్రమంలో సాధన చేయడం. ఆ సాధనలో మొదటి పాఠం నిలబడడం. పాదం నేలను పట్టుకోనిదే చేయి పనిచేయదు. ఆ మొదటి మెట్టును దాటవేసి పై మెట్టుకు ఎగబాకేవారిని హెచ్చరించడానికే మన పెద్దలు ఆ మాటను లోకానికి ఇచ్చారు.

నేడు ఆత్మరక్షణ పేరుతో మన పాఠశాలల్లో, కళాశాలల్లో ఇస్తున్న శిక్షణను చూసినప్పుడు ఆ నానుడి గుర్తుకు వస్తుంది. యుద్ధవిద్యలలో ఏది గొప్పదో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విద్య ఏదైనా దానిని నేర్పవలసిన తీరు ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న. ఆ ప్రశ్నకు దక్షిణ చైనాలో పుట్టిన ఒక విద్య ఆలోచించదగిన సమాధానం చెబుతున్నది. ఆ సమాధానాన్ని మన ఊళ్ల కర్రసాముతో పోల్చి చూస్తే మనం పోగొట్టుకొన్నదేమిటో, తిరిగి పొందగలిగినదేమిటో తెలుస్తుంది.

ఆ చైనా విద్య పేరు వింగ్ చున్. ఈ మాటకు ‘వసంతాన్ని గానం చేయడం’ అని అర్థం చెబుతారు. దీని పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఇంగ్ మూయ్ అనే బౌద్ధ సన్న్యాసిని, యిమ్ వింగ్ చున్ అనే యువతికి ఈ విద్యను నేర్పిందట. ఇష్టంలేని పెళ్లికి తనను బలవంతపెట్టిన ఒక దుండగుణ్ణి ఆ యువతి ఈ విద్యతోనే ఓడించిందట. ఇది ఐతిహ్యమే గాని రుజువైన చరిత్ర కాదు. అయినప్పటికీ ఈ విద్య స్వభావాన్ని ఆ కథ చక్కగా పట్టి చూపుతున్నది. బలహీనులు బలవంతులను ఎదుర్కొనడానికి ఏర్పడిన విద్యగా తరతరాల సాధకులు దీనిని భావించుకొన్నారు.

చరిత్రకు అందినంతవరకు చూస్తే, పందొమ్మిదవ శతాబ్దంలో ఫోషాన్ పట్టణంలో లియుంగ్ జాన్ అనే వైద్యుడు ఈ విద్యలో ప్రసిద్ధుడు. ఆయన శిష్యుడు చాన్ వా షున్ నాణేలు మార్చే వ్యాపారి. ఆ చాన్ వా షున్ వద్ద బాల్యంలో శిష్యరికం చేసినవాడు ఇప్ మాన్. 1893లో ఫోషాన్‌లో జన్మించిన ఇప్ మాన్ సంపన్న కుటుంబానికి చెందినవాడు. కాలం తారుమారై 1949లో హాంకాంగ్ చేరవలసి వచ్చింది. 1950లో అక్కడి భోజనశాలల కార్మికుల సంఘభవనంలో ఆయన బోధన ప్రారంభించాడు. పగలంతా హోటళ్లలో శ్రమించే కార్మికులు ఆయనకు తొలి శిష్యులు. తరువాతి కాలంలో చలనచిత్రాల ద్వారా ప్రపంచప్రసిద్ధుడైన బ్రూస్ లీ కూడా కౌమారంలో ఆయన వద్దనే నేర్చుకొన్నాడు. 1972 డిసెంబరులో ఇప్ మాన్ మరణించేనాటికి ఒక పట్టణానికి పరిమితమైన విద్య సముద్రాలు దాటింది.

ఈ విద్యకు అంత వ్యాప్తి రావడానికి సినిమాలు ఒక కారణం. అంతకన్న ముఖ్యమైన కారణం దానిని నేర్పే పద్ధతిలో ఉన్నది. వింగ్ చున్ అతి సమీపం నుండి పోరాడే విద్య. ప్రత్యర్థి చేయి మన చేతికి తగిలేంత దూరంలోనే దీని పని. ఎగిరి తన్నడాలు, గాలిలో గిరికీలు కొట్టడాలు ఇందులో కనిపించవు. కాలితో తన్నినా సాధారణంగా నడుము కిందకే తన్నుతారు. శరీరం నడుమ నిలువుగా ఒక గీత ఉన్నట్లు భావించి, ఆ గీతను కాపాడుకొంటూ, ఎదుటివాని గీత మీదికి దగ్గరిదారిలో చేయి పంపుతారు. అడ్డుకొనడం, కొట్టడం వీలైనంతవరకు ఒకే కదలికలో జరిగిపోవాలి. ‘రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవరాదు’ అని మనవారు అన్నట్లు, ప్రమాదానికి అంత చేరువగా నిలబడి భయపడకుండా ఉండడమే ఈ విద్యకు ప్రాణం.

అటువంటి ధైర్యాన్ని ఉపన్యాసంతో కలిగించలేము. అందుకే ఈ విద్యలో పాఠ్యక్రమం అతి చిన్నది, సాధన అతి పెద్దది. ఆయుధం లేకుండా చేసే కదలికల వరుసలు మూడే మూడు. మొదటిదాని పేరుకు ‘చిన్న తలంపు’ అని అర్థం. దానిలో విద్యార్థి పాదాలు కదపడు. మోకాళ్లను లోపలికి మళ్లించి, వాటి మధ్య మేకను బిగించి పట్టుకొన్నట్లు నిలబడి, చేతులతో మాత్రమే అభ్యాసం చేస్తాడు. మందు పోయడానికి మేకను మోకాళ్ల నడుమ ఇరికించి పట్టుకొన్న పల్లెవాసికి ఆ నిలకడను వేరుగా వివరించవలసిన అవసరం లేదు. రెండవ వరుస ‘వంతెనను వెదకడం’. ఎదుటివాని చేతికి మన చేయి తగిలితే అదే వంతెన. పాదాలు కదిలించడం, మలుపు తిరగడం ఇక్కడ మొదలవుతుంది. మూడవ వరుస ‘దూసుకుపోయే వేళ్లు’. తప్పు జరిగి, ఆపద ముంచుకొచ్చినప్పుడు తిరిగి నిలదొక్కుకొనే ఉపాయాలు అందులో ఉంటాయి. నిలబడడం మొదట, నడవడం తరువాత, పడబోతూ నిలదొక్కుకొనడం చివర అన్న ఈ వరుసలోనే ఒక బోధనాశాస్త్రం ఇమిడి ఉన్నది.

ఈ వరుసలకు ప్రాణం పోసేది ‘అంటుకొను చేతులు’ అనే జంట సాధన. దానిని వారి భాషలో చీ సావ్ అంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులను ఒకరివి ఒకరికి ఆనించి, ఆగకుండా తిప్పుతూ ఉంటారు. ఎదుటివాని బలం ఎటు వస్తున్నదో కంటితో చూసేలోగా ఆలస్యమైపోతుంది. చర్మమే ఆ సంగతిని గ్రహించాలి. బలం వచ్చినచోట దారి ఇవ్వాలి, సందు దొరికినచోట చేయి ముందుకు పోవాలి. గురువు శిష్యునికి ఎదురుగా నిలిచి తన చేతినే పుస్తకంగా చదివిస్తాడు. ఇందులో గెలుపోటముల లెక్క ప్రధానం కాదు. తప్పు చేసిన క్షణంలోనే తప్పు తెలిసిపోవడం దీని గొప్పతనం. పరీక్ష రాసి, ఫలితం కోసం నెలలు ఎదురుచూసే మనకు ఇంత తక్షణమైన మూల్యాంకనం ఆశ్చర్యం కలిగిస్తుంది.

జంట దొరకనప్పుడు సాధన చేయడానికి ఒక కొయ్యబొమ్మ ఉంటుంది. దానికి మూడు చేతులు, ఒక కాలు. ఫోషాన్‌లో ఆ మానును నేలలో పాతి నిలబెట్టేవారు. హాంకాంగ్‌లోని ఇరుకు గదుల్లో అది సాధ్యం కాలేదు. అందుచేత అడ్డకమ్మీల మీద నిలిచే విధంగా దానిని మార్చుకొన్నారు. నేల పోయినా విద్య పోలేదు. సంప్రదాయాన్ని నిలుపుకొనడమంటే దాని ఆకారాన్ని అంటిపెట్టుకొని ఉండడమే అని భావించేవారు ఈ చిన్న మార్పును గమనించాలి. సారం నిలవడానికి కొంత ఆకారం మారక తప్పదు.

మరొక విశేషం కూడా చెప్పుకోవాలి. ఈ విద్యలో గురువును ‘సిఫు’ అని పిలుస్తారు. ఆ మాటలో గురువు, తండ్రి అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. తనకన్న ముందు చేరినవాడు అన్న, తరువాత చేరినవాడు తమ్ముడు, ముందు చేరిన యువతి అక్క. వయస్సును బట్టి గాక చేరిన కాలాన్ని బట్టి ఈ వరుసలు ఏర్పడతాయి. ఇప్ మాన్ శిష్యుల దేహాన్ని, స్వభావాన్ని పరిశీలించి ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా నేర్పేవాడని ఆయన శిష్యులు చెప్పుకొన్నారు. చిన్నవారికి నేర్పే బాధ్యతలో కొంత పెద్ద శిష్యులు పంచుకొనేవారు. బ్రూస్ లీకి కూడా వాంగ్ షున్ లియుంగ్ వంటి పెద్ద శిష్యుల శిక్షణ లభించింది.

ఊరిలో కనబడిన ప్రతివారినీ ఏదో ఒక వరుస పెట్టి పిలుచుకొనే మనకు ఇది కొత్త సంగతి కాదు. మన సాము కూడా ఒకనాడు ఇట్లాగే సాగింది. సాము నేర్పే చోటును మనవారు తాలింఖానా అన్నారు, నేర్పేవానిని వస్తాదు అన్నారు. పారశీకం, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ రెండు మాటలకూ మూలార్థం బోధనకు సంబంధించినదే. తాలీం అంటే బోధన, ఉస్తాద్ అంటే గురువు. అంటే మన పూర్వుల దృష్టిలో సాముశాల మొదట ఒక పాఠశాల. తరువాతే అది బలప్రదర్శనకు రంగం.

ఉత్తరాంధ్రలో ఈ సంప్రదాయానికి ఉజ్జ్వలమైన ఉదాహరణ కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో జన్మించిన ఆయన విజయనగరంలో పెరిగి, కుస్తీలో, బలప్రదర్శనలో అఖిల భారత ఖ్యాతి గడించి ‘కలియుగ భీముడు’ అనిపించుకొన్నాడు. ఇనుప గొలుసులు తెంచిన వీరునిగానే లోకం ఆయనను గుర్తుంచుకొన్నది. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశాడన్న విషయం మాత్రం మరుగున పడింది. 1942లో ఆయన మరణించిన తరువాత ఆ బలం కథగా మిగిలింది. బలాన్ని కథలుగా చెప్పుకొన్నాం, బోధనను కొనసాగించడం మరచిపోయాం.

ఈ నష్టం ఎట్లా జరిగిందో తెలుసుకొనడానికి రోలుగుంట వంటి ప్రాంతాన్ని చూస్తే చాలు. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలం చోడవరం, నర్సీపట్నం ప్రాంతాలకు సమీపంలో ఉన్నది. వరి, చెరకు పండే నేల ఇది. పేరులోనే రోలును దాచుకొన్న ఊరు. ఇటువంటి ఊళ్లలో మర యంత్రాలు రాకముందు స్త్రీలు ధాన్యం దంచుకొనేవారు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటికి ఇరువైపులా నిలిచి, రెండు రోకళ్లతో ఒకరి తరువాత ఒకరు పోటు వేసేవారు. ఒక రోకలి లేచేవేళ రెండవది దిగేది. చూపు పక్కకు మళ్లినా, మాట పాటగా మారినా, రోకలికి రోకలి తగిలేది కాదు. ఆ లయను వారికి ఏ గ్రంథమూ నేర్పలేదు. తల్లి పక్కన కూతురు నిలిచి, మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా వేసిన పోట్లే వారికి పాఠాలు. చైనావారి ‘అంటుకొను చేతుల’లో ఉన్న సూత్రం మన రోటి దగ్గరా ఉన్నది. తోటిమనిషి కదలికను శరీరంతో గ్రహించడమే ఆ సూత్రం.

ఉత్తరాంధ్ర గ్రామదేవతల పండుగల్లో తప్పెటగుళ్లు, కోలాటం, పులివేషాలతో పాటు కర్రసాము కూడా ఊరేగింపులో కదలివచ్చే ముచ్చట. అది కన్నులపండువగా ఉంటుంది. కాని పండుగ ముగియగానే కర్ర అటక ఎక్కితే, మిగిలిన దినాల్లో నేర్చుకొనేదెవరు? ప్రదర్శన విద్యకు పండు వంటిది. వేరుకు నీరు పోయకుండా ప్రతి ఏటా పండును మాత్రం కోసుకొంటూపోతే చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? పొరుగు రాష్ట్రాలవారు ఈ సంగతిని మనకన్న ముందుగా గ్రహించారు. కేరళ కలరిపయట్టుకు గురుకులం వంటి కలరి నేటికీ ఉన్నది. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దానిని ఖేలో ఇండియా యువజన క్రీడల్లో చేర్చింది. తమిళుల కర్రసాము అయిన సిలంబం 2024 జనవరిలో చెన్నైలో మొదలైన ఆ క్రీడల్లో ప్రదర్శన క్రీడగా నిలిచింది. పతకాల కోసమే విద్య ఉండాలని దీని అర్థం కాదు. క్రమబద్ధమైన బోధన ఉన్నచోటే గుర్తింపు కూడా వస్తుందని గ్రహించాలి.

ఇక ఆత్మరక్షణ శిక్షణ విషయానికి వద్దాం. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణం తరువాత బాలికలకు ఆత్మరక్షణ నేర్పాలన్న భావన దేశమంతటా బలపడింది. సమగ్ర శిక్షా పథకంలో భాగంగా ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు మూడు నెలల శిక్షణ ఏర్పాటైంది. ఉద్దేశం ప్రశంసనీయం. కాని మూడు నెలలు ఒక విద్యకు ఆరంభమే గాని ముగింపు కాదు. వరుసలుగా నిలబెట్టి, ఈల ఊది, గాలిలోకి గుద్దులు గుద్దిస్తే బాలికలకు వ్యాయామం లభిస్తుంది, ఉత్సాహం కలుగుతుంది. ఒక మనిషి హఠాత్తుగా మణికట్టు పట్టుకొన్నప్పుడు ఏమి చేయాలో మాత్రం గాలి నేర్పదు. మరొక చేయే నేర్పాలి.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. నేర్చుకోనివారికి భయం ఉంటుంది. ఆ భయం వారిని జాగ్రత్తగా ఉంచుతుంది. బాగా నేర్చినవారికి వివేకం ఉంటుంది. కొద్దిగా నేర్చి, చేతిలో ధ్రువపత్రం పట్టుకొన్నవారికి భయమూ పోతుంది, వివేకమూ రాదు. తప్పించుకొని పరుగెత్తవలసిన చోట నిలబడి పోరాడాలనుకొనే అమ్మాయికి ఆ పత్రం మేలు చేసినట్లా, కీడు చేసినట్లా? నేల విడిచిన సామువల్ల చూసేవారు నవ్వడంతో ఆగిపోతే పరవాలేదు. ఇక్కడ పణంగా ఉన్నది ఒక ఆడపిల్ల ప్రాణం, మానం.

ఈ వాదానికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. మన పల్లెకు చైనా విద్యతో పనేమిటన్నది మొదటిది. బోధిధర్ముడు దక్షిణ భారతం నుండి వెళ్లి షావోలిన్ ఆశ్రమంలో యుద్ధవిద్య నేర్పాడని, కాబట్టి అది మన సొత్తేనని కొందరు సమాధానం చెబుతారు. ఆ కథకు ప్రాచీనమైన ఆధారాలు లేవని, పదిహేడవ శతాబ్దపు గ్రంథం ద్వారా అది వ్యాపించిందని చరిత్రకారులు అంటారు. మంచిని స్వీకరించడానికి అటువంటి బంధుత్వం కల్పించుకోవలసిన అవసరం లేదు. మిరపకాయ అమెరికా ఖండం నుండి వచ్చిందని మనం ఆవకాయ మానుకొన్నామా? రోలుగుంటలో వింగ్ చున్ పాఠశాల తెరవాలని నేను కోరడం లేదు. దానిని నేర్పే తీరును మన సాముకు తెచ్చుకొందామంటున్నాను.

అసలు వింగ్ చున్ నిజమైన పోరులో నిలుస్తుందా అన్నది రెండవ ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్న. 2017లో చైనాలోని చెంగ్డూ నగరంలో షూ షియావోదొంగ్ అనే మిశ్రమ యుద్ధక్రీడాకారుడు తాయ్ చీ గురువునొకరిని క్షణాలలో నేలకూల్చాడు. ఆ తరువాత సంప్రదాయ విద్యలన్నిటిమీద చర్చ చెలరేగింది. వింగ్ చున్ కూడా ఆ విమర్శకు అతీతం కాదు. ఒకరికొకరు సహకరించుకొంటూ చేసే సాధన ఏళ్లతరబడి అట్లాగే ఉండిపోతే, అది నృత్యమవుతుంది. పరీక్షకు నిలవని విద్య పూజామందిరంలో పెట్టిన కత్తి వంటిది. అయితే ఈ విమర్శ నా వాదాన్ని బలపరుస్తున్నదే గాని ఖండించడం లేదు. 1950ల హాంకాంగ్‌లో వాంగ్ షున్ లియుంగ్ వంటివారు ఇతర సంప్రదాయాలవారితో తలపడి తమ విద్యను పరీక్షించుకొన్నారు. ఎదురు నిలిచే చేయి ఉన్నంతకాలం విద్య నిజాయితీగా ఉంటుంది. ఆ చేయి తప్పుకొన్నప్పుడు నటన మొదలవుతుంది.

చదువుల ఒత్తిడిలో దీనికి సమయమెక్కడిదన్నది మూడవ ఆక్షేపణ. ఇప్ మాన్ తొలి శిష్యులు రోజంతా వంటశాలల్లో, వడ్డనలో అలసిన కార్మికులన్న సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వారు నేర్చుకొన్నది తీరికవల్ల కాదు, క్రమంవల్ల. వింగ్ చున్ మొదటి వరుస చేయడానికి విశాలమైన మైదానం అక్కరలేదు. రెండు పాదాలు మోపే చోటు చాలు.

కాబట్టి మండలస్థాయి కళాశాలల్లో ఈ శిక్షణ ఎట్లా ఉండాలో ఆలోచిద్దాం. నేర్పే కదలికలు తక్కువగా ఉండాలి. పట్టు విడిపించుకొనడం, తల కాపాడుకొనడం, తోసినప్పుడు పడకుండా నిలవడం, గట్టిగా కేకవేసి దూరంగా తొలగడం వంటివి చాలు. వాటిని మూడు నెలలతో ముగించక, రెండేళ్ల ఇంటర్మీడియట్ చదువు పొడుగునా వారానికి కొన్నిసార్లు కొద్దికొద్దిగా చేయించాలి. ప్రతి సాధనా జంటగా సాగాలి. రెండవ సంవత్సరం అక్కలు మొదటి సంవత్సరం చెల్లెళ్లకు నేర్పాలి. నేర్పేవారిలో స్త్రీలు తప్పక ఉండాలి. ఊరిలో కర్రసాము తెలిసిన పెద్దలుంటే వారిని పండుగనాడు దండవేసి పంపించక, కళాశాల ఆవరణకు పిలిచి, వారి అడుగులను, నిలకడను విద్యార్థులకు అందించాలి.

దానితో పాటు హద్దు కూడా నేర్పాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తున్నది. రక్షణకు అవసరమైన దానికన్న ఎక్కువ హాని చేయడాన్ని మాత్రం అది అనుమతించదు. ఎంత బలం చాలునో తెలియడం చట్టం అడిగే వివేకం, సాము నేర్పే వివేకం కూడా. ఎదుటిచేతి బరువును నిత్యం కొలిచే జంట సాధనలో ఆ వివేకం దానంతటదే అలవడుతుంది. ఈ శిక్షణ బాలికలకు మాత్రమే పరిమితమైతే మరొక లోపం మిగిలిపోతుంది. ఎదుటివారి శరీరాన్ని గౌరవించడం, ‘ఆపు’ అన్న మాట వినగానే చేయి వెనక్కు తీసుకొనడం సాముశాలలో మొదటి నియమాలు. ఆ పాఠం బాలురకు మరింత అవసరం.

విద్యార్థులారా! పట్టీ రంగు మారినంతమాత్రాన, పత్రం చేతికి వచ్చినంతమాత్రాన విద్య వచ్చినట్లు కాదు. తెరమీద వీరుడు పదిమందిని ఎగరగొట్టే దృశ్యం వినోదానికి సరిపోతుంది. మీకు కావలసినది ఆపదవేళ మీ కాళ్లు వణకకుండా నిలిపే సాధన. దానిని ఓపికగా ఎదుట నిలిచే గురువు, నిజాయితీగా చేయి కలిపే స్నేహితురాలు లేదా స్నేహితుడు, ప్రతిరోజూ కొంత సమయం మాత్రమే ఇవ్వగలవు. రోటి దగ్గర తల్లి కూతురికి ఇచ్చినదీ, ఇరుకుగదిలో ఇప్ మాన్ కార్మికునికి ఇచ్చినదీ, తాలింఖానాలో వస్తాదు శిష్యునికి ఇచ్చినదీ అదే. చేతినుండి చేతికి అందే ఆ విద్యను అందుకొనే చేతులు మన ఊళ్లలో ఉన్నాయి. అందించే ఏర్పాటు చేయవలసిన బాధ్యత పెద్దలది, పాదం నేలమీద మోపి సాధన చేయవలసిన బాధ్యత మీది.